అన్నదమ్ముల పోరు – అన్యుల పాలు

(గృహకూటములకు బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 9:1–6, ఆదికాండము 13, 14 అధ్యాయములు, లూకా 12:13–21.



మన వేల్పూరు ప్రాంతములో పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, నిజామాబాదు మార్కెట్టుకు తోలి, చేతికి నాలుగు రూపాయలు వచ్చిన దినములలోనే పంపకముల మాటయు లేచును. ఒడ్డు మూరెడు జరిగినదని ఒకరు, బోరు నీళ్లలో వంతు దక్కలేదని ఒకరు మాట పెంచుదురు. ఒక తల్లి పాలు త్రాగినవారు ఒక చావిడిలో కూర్చుండలేకపోవుదురు. ఇట్టి పోరు పేదల ఇండ్లలోనిదే కాదు, రాజుల ఇండ్లలోను ఉండెను. దానివలన ఎవరు బాగుపడిరో ఈ నెల ఆలోచింతము.

1. మనలను ఏలిన వంశపు కథ

మన జిల్లాకు పూర్వము ఇందూరని పేరు. నిజాముల పేరున అది నిజామాబాదు ఆయెను. 1948 వరకు మన ఊళ్లు ఆ వంశపు ఏలుబడిలోనే యుండెను. ఆ వంశమునకు మూలపురుషుడైన నిజాముల్ముల్కు అసఫ్‌జా 1748లో మరణించెను. సమాధి మట్టి ఆరకముందే పోరు మొదలాయెను. పెద్దకుమారుడు ఘాజీయుద్దీను ఢిల్లీలో ఉండగా, రెండవవాడైన నాసిర్‌జంగు గద్దె నెక్కెను. కుమార్తె కొడుకైన ముజఫర్‌జంగు ఆ గద్దె తనదనెను. మేనమామ ఇంగ్లీషువారి సహాయము కోరెను, మేనల్లుడు ఫ్రెంచివారి సహాయము కోరెను.

1750లో నాసిర్‌జంగు తన పక్షపు నవాబుల ద్రోహమువలన చంపబడెను. కొద్ది వారములకే, 1751లో, ముజఫర్‌జంగు కూడ కడప సీమలో చంపబడెను. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ మూడవ కుమారుడైన సలాబతుజంగును గద్దెమీద కూర్చుండబెట్టెను. పెద్దకుమారుడు తన హక్కు కోరి ఢిల్లీనుండి దిగివచ్చి, 1752లో ఔరంగాబాదులో విషప్రయోగమువలన మరణించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. కడకు 1762లో తమ్ముడైన నిజాం అలీఖాను సలాబతుజంగును బీదరు కోటలో బంధించెను. మరుసటి సంవత్సరము అతడు ఆ కోటలోనే ప్రాణము విడిచెను.

ఆస్తి ఏమాయెను? బుస్సీ సైన్యమునకు జీతములు చెల్లించుటకై 1753లో సలాబతుజంగు శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము అను నాలుగు సర్కారులను ఫ్రెంచివారి చేతిలో పెట్టెను. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నము కోటను పట్టుకొని వారిని వెళ్లగొట్టిరి. 1766లో నిజాం అలీఖాను సంధి వ్రాసి ఆ సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చెను. మరియొక సోదరుడైన బసాలతుజంగు వంతులో నుండిన గుంటూరు కూడ 1788లో కంపెనీ వశమాయెను. కృష్ణా గోదావరుల మాగాణి ఏ సోదరునికిని మిగులలేదు. సహాయమునకు పిలువబడినవాడే యజమానుడాయెను.

2. కూలికి కొనబడిన బలము

న్యాయాధిపతుల గ్రంథములో ఇట్టి కథయే గలదు. రాజ్యము తనకు వద్దనిన గిద్యోను కుమారుడే అబీమెలెకు. షెకెమువారు తమ బయల్బెరీతు గుడిలోనుండి డెబ్బది తులముల వెండి తీసి అతనికిచ్చిరి. ఆ వెండితో అతడు పనికిమాలినవారిని కూలికి పెట్టుకొని, తన తండ్రి కుమారులను ఒకే రాతిమీద చంపెను. కడగొట్టువాడైన యోతాము మాత్రము దాగుకొని బ్రదికెను. అయితే మూడేండ్లు గడచిన తరువాత వెండి ఇచ్చినవారికిని పుచ్చుకొనినవానికిని పడలేదు. షెకెము పట్టణము పాడై ఉప్పు చల్లబడెను. అబీమెలెకు తల ఒక స్త్రీ వేసిన తిరుగటిరాతి క్రింద చితికిపోయెను. సహోదరుని మీదికి మనము కొనిన బలము మనయొద్ద నమ్మకముగా నిలువదు.

3. అబ్రాము చేసిన పంపకము

అబ్రాము కాపరులకును లోతు కాపరులకును కలహము పుట్టినప్పుడు, కనానీయులును పెరిజ్జీయులును ఆ దేశమందే యుండిరని మోషే అక్కడనే వ్రాసియున్నాడు (13:7). ఆ మాటను మనము తరచు దాటిపోవుదుము. ఇంటివారు తగవులాడుచుండగా పొరుగువారు చూచుచుండిరి! అందుచేతనే కాబోలు అబ్రాము త్వరపడెను. తాను పెద్దవాడైయుండియు ఎన్నుకొను హక్కును చిన్నవానికి విడిచెను. లోతు నీళ్లుగల మైదానమును కోరుకొనెను.

కథ అంతటితో ముగియలేదు. తరువాతి అధ్యాయములో లోతు చెరపట్టబడగా, అబ్రాము 318 మందిని వెంటబెట్టుకొని పోయి అతని విడిపించెను. కొల్లసొమ్ములో నూలుపోగైనను తనకు అక్కరలేదనెను. బుస్సీ సహాయమునకు వచ్చి నాలుగు సర్కారులు తీసికొనెను. అబ్రాము సహాయమునకు వెళ్లి వట్టి చేతులతో తిరిగివచ్చెను. సహోదరుడు ఎవడో, కూలివాడు ఎవడో ఇందువలన తెలియును. అబ్రాము మంచి పొలమును విడిచెనుగాని సహోదరుని విడువలేదు.

4. మనము చేయవలసినది

ఒకడు వచ్చి తన సహోదరుడు ఆస్తి పంచునట్లు చెప్పుమని అడిగినప్పుడు ప్రభువు పంపకము చేయుటకు ఒప్పుకొనలేదు, లోభమునుగూర్చి హెచ్చరించెను. న్యాయమైన వంతు అడుగుట పాపమని ఆయన చెప్పలేదు. కాబట్టి విధవరాలైన వదినెతోను, తండ్రిలేని బిడ్డలతోను, "సమాధానముకొరకు ఊరకుండుడి" అని చెప్పి వారి వంతు మ్రింగుట సమాధానము కాదు, దొంగతనమే. ఆడబిడ్డలను మరువరాదు. వీలునామా లేనియెడల 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రైస్తవుల కుమారులకును కుమార్తెలకును సమానమైన వంతు ఇచ్చుచున్నది. సెలోపెహాదు కుమార్తెల మనవి న్యాయమని దేవుడు ఏనాడో సెలవిచ్చెను (సంఖ్యా. 27).

తలిదండ్రులు బ్రదికియుండగానే భూమి కొలిపించి, అందరియెదుట కాగితము వ్రాయించుట మేలు. తగవు పుట్టినయెడల, వకీలు గుమ్మము త్రొక్కకముందు, ఏ పక్షమునుండియు ఏమియు ఆశింపని ఇద్దరు విశ్వాసులను కూర్చుండబెట్టవలెను. కొరింథీయులకు మొదటి పత్రిక 6వ అధ్యాయములో పౌలు అడుగునది ఇట్టి బుద్ధిమంతులనే. అట్టివారు ప్రతి సంఘమునందును ఉండవలెను. లేనియెడల రెండు ఎకరముల వ్యాజ్యమునకు ఒక ఎకరము అమ్ముకొని, మిగిలిన ఎకరమును అప్పులవానికి వ్రాసియిచ్చు దినము వచ్చును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన ఇంటి తగవులో ఎవరిని సహాయమునకు పిలిచితిమి? వారు మననుండి ఏమి ఆశించుచున్నారు?
2. మన ఒడ్డు తగవును చూచుచున్న పొరుగువారు క్రీస్తునుగూర్చి ఏమనుకొందురు?
3. ఈ నెలలో మనము మొదట వెళ్లి పలుకరింపవలసిన సహోదరుడు గాని సహోదరి గాని ఎవరు?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నీ కుమారునితోకూడ వారసులమైన మేము మూరెడు మట్టికొరకు ఒకరినొకరము పోగొట్టుకొనకుండ మమ్మును కాపాడుము. మొదట విడిచిపెట్టు ధైర్యమును, బలహీనుల వంతును కాపాడు నీతిని మాకు దయచేయుము. ఆమేన్.