గాలి ఎక్కడ పట్టింది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలకు వేట విరామం. బారువ, భావనపాడు, కళింగపట్నం మొదలుకొని విజయనగరం జిల్లా చింతపల్లి, కోనాడ వరకూ బోట్లకు ఆ రెండు నెలలూ పని ఉండదు. ఉప్పుగాలికి మాత్రం విరామం లేదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద చిలుము పడుతుంది. సగం ఖాళీగా వదిలేసిన ట్యాంకులో పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ తేమ నీరై డీజిల్ అడుగున చేరుతుంది. విరామం ముగిశాక పాత ఇంజిన్ ఒక్క ఊపున లేవకపోతే అందులో వింతేమీ లేదు. వింతల్లా ఆ తర్వాత మనిషి చేసే పనిలో ఉంది. లేవలేదు కాబట్టి మళ్లీ సెల్ఫ్ కొడతాడు. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా, బ్యాటరీ చచ్చే దాకా. వ్యక్తిత్వ వికాసం పేరుతో మనం పిల్లలకు నూరిపోసే సుగుణం కూడా ఇదే. దానికి పట్టుదల అని పేరు పెట్టాం. కదలని పని ఎదురైనప్పుడు ముందు రావలసింది పట్టుదల కాదు, పరిశీలన. ఈ వరుస తారుమారైతే పట్టుదలే చెరుపు చేస్తుందని నా వాదన.

ఇది ఉపమానం కోసం అంటున్న మాట కాదు, ఇంజిన్ విషయంలో అక్షరాలా నిజం. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ రాజేసే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి, సరైన క్షణంలో సన్నటి తుంపరగా డీజిల్ తగలాలి, అంతే. కాబట్టి ఎంతసేపు తిప్పినా పొగ గొట్టం నుంచి పొగే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదని దాదాపు తేలినట్టే. తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది కానీ అంటుకోవడం లేదు. చేరకపోవడానికి ఎక్కువసార్లు కారణం పైపులో గాలి పట్టడం. ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి, నురగ పోయి బుడగ లేని ధార వచ్చేదాకా చేతిపంపు నొక్కితే చాలు. బ్యాటరీ సంగతి ఇంకా ముఖ్యం. ఖాళీగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించేదే సెల్ఫ్ కొట్టగానే 10 కిందికి పడిపోవచ్చు. దాని సత్తా బరువు మీద పడితేనే తెలుస్తుంది. ఇక గుడ్డి పట్టుదల చేసే అసలు నష్టం చూడండి. ఇంజిన్‌ను చల్లబరిచిన సముద్రపు నీరు పొగ గొట్టం గుండానే బయటికి పోయే పడవల్లో సెల్ఫ్ తిరిగినంతసేపూ పంపు నీటిని పొగ గొట్టంలోకి తోడుతూనే ఉంటుంది. ఇంజిన్ అంటుకోలేదు కాబట్టి ఆ నీటిని బయటికి నెట్టే పొగ ఉండదు. నీరు వెనక్కి తన్ని సిలిండర్లలో నిండవచ్చు. పావుగంట పనితో పోయే లోపం ఇంజిన్ మొత్తం విప్పాల్సిన చేటుగా మారుతుంది. ఆ చేటు చేసింది తుప్పు కాదు, మానకుండా చేసిన ప్రయత్నం.

పలాసలోనో బొబ్బిలిలోనో పోటీ పరీక్షకు కూర్చున్న కుర్రాడి చదువు ముందుకు సాగకపోతే ఇంట్లో మొదట వినిపించే మాట బద్ధకం. అది లోపం పేరు కాదు. ఇంజిన్ పాతదైపోయింది అని చేతులు దులుపుకోవడం లాంటిదే. పుస్తకం తెరవనే లేకపోతున్నాడా, తెరిచి మొదటి పేజీలోనే ఆగిపోతున్నాడా, గంట చదివాక తేలిపోతున్నాడా? మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, కారణాలు వేరు. మొదటివాడికి ఓడిపోతానన్న భయం ఉండవచ్చు. రెండోవాడికి ఎనిమిదో తరగతి లెక్కల దగ్గరే పునాది జారి ఉండవచ్చు. మూడోవాడికి కావలసింది నిద్రే కావచ్చు. ముగ్గురికీ కలిపి ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చో అని చెప్పడం మళ్లీ సెల్ఫ్ కొట్టడమే. ఒకేసారి కోచింగూ టైమ్‌టేబులూ గదీ అన్నీ మార్చేయడమూ అంతే తప్పు. ఫిల్టరూ బ్యాటరీ నాజిలూ కలిపి మార్చినవాడికి ఇంజిన్ లేచినా అసలు లోపం ఏదో తెలియదు, మరుసటేడు మళ్లీ మొదటికే వస్తాడు.

మనిషి యంత్రం కాదు కదా అని అడగవచ్చు. నిజమే, అందుకే మరింత జాగ్రత్త కావాలి. ఇంజిన్‌కు నింద తగలదు, మనిషికి తగులుతుంది, పదిసార్లు బద్ధకస్తుడివి అంటే నమ్మేస్తాడు కూడా. అనుభవం ఉన్న మెకానిక్ ఇన్ని మెట్లు ఎక్కడు, చెవితో విని చెప్పేస్తాడు అనవచ్చు. ఆ చెవి వెనక వందల ఇంజిన్లను వరుసగా చూసిన ఏళ్లున్నాయి. గట్టి అభ్యంతరం మూడోది: నడిసముద్రంలో గాలి ముదురుతుంటే పరిశీలనకు తీరిక ఎక్కడ? కానీ అక్కడ తీరికకన్నా ముందు అయిపోయేది బ్యాటరీ. ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడు గుడ్డిగా ఖర్చు చేసినవాడికి నాలుగోది మిగిలినా అది ఎక్కడ పెట్టాలో తెలియదు. పట్టుదలను నేను తక్కువ చేయడం లేదు. బుడగ లేని ధార వచ్చేదాకా చేతిపంపు నొక్కడానికి కావలసింది అదే. లోపం ఉన్న చోటు దొరికాక దానంత గొప్ప గుణం లేదు.

కాబట్టి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఒక్క విన్నపం. పని మొదలుపెట్టలేకపోతున్న బిడ్డను ఏమీ అనేముందు పక్కన కూర్చుని, "ఎక్కడ ఆగింది బాబూ?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.