కత్తి వాదరకు శత్రువులు

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు ఒకప్పుడు రాతిగుట్టలతో నిండియుండెడివి. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప అచట హైటెక్ సిటీ విస్తరించినది. గుట్టలు పెక్కు తరిగిపోయినవి. కాని గ్రానైటు రాయి నునుపైన బండ రూపమున అచటి వంటయిండ్లలో నేటికిని కానవచ్చును.

ఆ బండపై కూరగాయలు తరిగినచో కత్తి త్వరలోనే మొద్దువారును. ఇందుకు కారణమేమి? 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఖనిజముల గట్టిదనమును పది మెట్లుగా నేర్పరచెను. బలపపు రాతిలోని మెత్తని ఖనిజము మొదటి మెట్టు, వజ్రము పదవది. కత్తి ఉక్కు ఆరవ మెట్టునకు కొంచెము అటునిటుగా నుండును. గ్రానైటులోని పలుగురాయి ఏడవ మెట్టునకు చెందినది. గట్టి వస్తువు మెత్తని వస్తువును గీయును గదా! పదునైన కత్తి వాదర వెండ్రుకకంటె మిక్కిలి పలుచన. కావున రాయి తగిలినంతనే అది వంగును, అరుగును, లేదా పెచ్చులూడును. పింగాణి పళ్లెముపై కోసినను ఇదే ఫలితము.

చెక్కపలకపై తరిగినంతమాత్రమున ప్రమాదము పూర్తిగా తొలగదు. ఇసుకలో అధికభాగము పలుగురాతి రేణువులే. తోటకూరను, ముల్లంగిని కడుగక కోసినచో ఆ రేణువులు వాదరను గీయును. ఈ ప్రాంతపు ఇండ్లకు సరకులు అట్టపెట్టెలలో వచ్చుచుండును. పాత కాగితములను గుజ్జుచేసి తయారుచేసిన అట్టలో ఖనిజపు పొడి, దుమ్ము కలిసియుండును. చూచుటకు మెత్తనిదైనను అట్ట కత్తిని అరుగదీయును. పొలములో వరి కోయు కొడవలికిని ఇట్టి కష్టమే కలదు. వరిగడ్డిలో సిలికా యుండును, పలుగురాయియు సిలికాయే. ఇక నిమ్మ, పచ్చిమామిడి మొదలగువాని పులుపు ఇనుప కత్తిపీట అంచును మెల్లగా తినివేయును.

మొద్దువారిన కత్తి వలన పని చెడుటయే గాక అపాయమును కలదు. అది తెగనందున మనము బలముగా నొక్కుదుము. అంతట కత్తి జారి వ్రేలు తెగును. కావున ఆకుకూరలను కడిగి చెక్కపలకపై తరుగవలెను. అట్టపెట్టెలను వంటకత్తితో చీల్చరాదు. పులుపు తగిలిన కత్తిని వెంటనే కడిగి తుడువవలెను. పదును తగ్గినపుడు పెద్దలచేత సానపట్టించవలెను. ఇట్లు కాపాడిన కత్తి చిరకాలము పనికివచ్చును. చేతికి గాయమును తప్పును.