దరఖాస్తులోని ఇంగ్లీషును ఎలా చదవాలి?



రంజాన్ నెలలో, మళ్ళీ జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచే వేళ మన సంఘానికి చదువు సాయం కోరుతూ దరఖాస్తులు వస్తాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ బస్తీల పిల్లలు వాటిని ఎక్కువగా ఇంగ్లీషులోనే రాస్తారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు: ఇదీ మన పిల్లల పరిస్థితి. ఆ కాగితం చూసి ఎవరికి సాయం చేయాలో మీరు నిర్ణయిస్తారు. అందుకే ఆ ఇంగ్లీషు ఎలా తయారవుతుందో, అందులో ఏ తప్పును పట్టించుకోనక్కరలేదో, ఏ వాక్యం దగ్గర ఆగి అడగాలో బడిలో పాఠం చెప్పేవాళ్ళుగా మేము ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

మన ప్రాంతానికి ఇంగ్లీషు వచ్చిన దారి

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు అక్కడ బోధన ఉర్దూలో సాగింది. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చదివారు. 1948 తర్వాత ఆ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. 1958లో అదే విశ్వవిద్యాలయం పక్కన కేంద్ర ఆంగ్ల సంస్థ వెలసింది. ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని ప్రధాన పని. 2007లో అది ఇఫ్లూ అనే పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయ్యింది. నాచారం నుంచి అది ఎంతో దూరం లేదు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. అంటే ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లవాడు కూడా ఇప్పుడు లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనే చదవాలి.

పిల్లలు ఇంగ్లీషును పుస్తకంలోనే కాదు, వీధిలోనూ నేర్చుకుంటారు. నాచారం పారిశ్రామికవాడ గేట్ల మీద 'వాంటెడ్ హెల్పర్స్', ఇళ్ళ గోడల మీద 'టు లెట్ ఫర్ ఫ్యామిలీస్ ఓన్లీ' అని ఉంటుంది. బోర్డు భాషలో క్రియలు, 'ఎ', 'ది' వంటి చిన్న మాటలు ఎగిరిపోతాయి. బోర్డు మీద అది తప్పు కాదు, అక్కడ చోటు తక్కువ. అదే అలవాటు దరఖాస్తులోకి వచ్చినప్పుడే చిక్కు వస్తుంది.

పట్టించుకోనక్కరలేని తప్పులు

మొదటిది 'ఓన్లీ'. 'ఐ యామ్ లివింగ్ ఇన్ ఉప్పల్ ఓన్లీ' అని పిల్లవాడు రాస్తాడు. తెలుగులో 'ఉప్పల్‌లోనే' అంటాం. మన దక్కనీలో మాట చివర 'ఇచ్' చేర్చి 'యహీంచ్', 'ఐసాఇచ్' అంటాం. ఈ 'ఇచ్' మరాఠీ ప్రభావంతో దక్కనీలోకి వచ్చింది. తెలుగు 'ఏ', దక్కనీ 'ఇచ్' రెండూ మాట వెనక చేరి నొక్కి చెబుతాయి. పిల్లవాడు ఆ పనికి 'ఓన్లీ'ని వాడుకున్నాడు. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు, రెండు భాషల పద్ధతి కలిసి మూడో భాషలో దిగింది.

రెండోది 'హ్యావింగ్'. 'ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్' అనే వాక్యం చాలా దరఖాస్తుల్లో కనిపిస్తుంది. 'నాకు ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు' అన్నా, 'మేరీ దో బెహనేఁ హైఁ' అన్నా, మన భాషల్లో 'హ్యావ్'కు సరిపోయే క్రియ లేదు. ఉండటం, తెలియడం వంటి స్థితిని చెప్పే ఇంగ్లీషు క్రియలకు సాధారణంగా 'ఇంగ్' చేరదని పిల్లవాడికి ఎవరూ విడమరచి చెప్పి ఉండరు. 'ఐ హ్యావ్ టూ సిస్టర్స్' అంటే చాలు.

మూడోది 'సిన్స్'. 'మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ సిన్స్ టెన్ ఇయర్స్' అంటారు. '2015 నుంచి', 'పదేళ్ళ నుంచి' అని తెలుగులో రెండింటికీ 'నుంచి' సరిపోతుంది. ఉర్దూలోనూ రెండింటికీ 'సే' చాలు. ఇంగ్లీషులో మాత్రం మొదలైన తేదీకి 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్' వాడాలి. సరైన వాక్యం 'హ్యాజ్ బీన్ వర్కింగ్ ఫర్ టెన్ ఇయర్స్'.

'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' వంటివి తప్పులు కూడా కావు. అవి పాత బ్రిటిష్ కచేరీ మాటలు, అక్కడ వాడుక తగ్గినా మన ఆఫీసుల్లో నిలిచిపోయాయి. మన మాటలు ఇంగ్లీషులోకి వెళ్ళడమూ ఉంది. 2020లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు పదో ముద్రణలో ఆధార్, హర్తాళ్, షాదీ వంటి మాటలు చేరాయి.

పైన చెప్పిన వాక్యాలు ఎంత వంకరగా ఉన్నా అర్థం చెడలేదు. చెల్లెళ్ళు ఇద్దరే, తండ్రి ఇంకా పనిలోనే ఉన్నాడు. ఇలాంటి తప్పులు చూసి 'ఈ పిల్లవాడు పైచదువుకు పనికిరాడు' అనుకోవద్దని మా మనవి.

ఆగి అడగవలసిన వాక్యాలు

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కొన్ని వాక్యాల్లో వ్యాకరణ దోషం ఒక్కటీ కనిపించదు. కానీ అవి రాసినవారు అనుకున్నదానికి భిన్నమైన అర్థం ఇస్తాయి. దరఖాస్తుల్లో వచ్చే నాలుగింటిని చూద్దాం.

1. 'మై ఫాదర్ లెఫ్ట్ దుబాయ్ ఇన్ మార్చ్.' చదివినవారికి తండ్రి దుబాయ్ వదిలి వచ్చేశాడని, ఇప్పుడు జీతం లేదని అర్థమవుతుంది. పిల్లవాడి ఉద్దేశం మాత్రం మార్చిలో దుబాయ్‌కి వెళ్ళాడని కావచ్చు. అలాగైతే 'లెఫ్ట్ ఫర్ దుబాయ్' అనాలి. మనకు 'కి', 'నుంచి' పేరు వెనక వస్తాయి. ఇంగ్లీషులో ఆ పని చేసే చిన్న మాట పేరు ముందు వస్తుంది, తొందరలో జారిపోతుంది.

2. 'మై ఫాదర్ వర్క్‌డ్ ఇన్ ఎ ఫ్యాక్టరీ ఫర్ టెన్ ఇయర్స్.' ఆ పని ముగిసిపోయిందని దీని అర్థం. తండ్రి నేటికీ అక్కడే ఉంటే 'హ్యాజ్ వర్క్‌డ్' అని రాయాలి. ఒక్క 'హ్యాజ్' లేకపోతే ఇంటి ఆదాయమే కాగితం మీద మాయమవుతుంది.

3. 'ఫ్యూ రిలేటివ్స్ హెల్ప్ అస్.' సాయం చేసే బంధువులు దాదాపు లేరని దీని భావం. 'ఎ ఫ్యూ' అంటే కొందరు చేస్తున్నారని. తెలుగులో గానీ ఉర్దూలో గానీ 'ఎ' వంటి మాట లేదు కనుక పిల్లలకు ఆ తేడా చెవికి ఆనదు. కొందరు ఆదుకుంటున్నారని నిజాయితీగా చెప్పబోయిన అమ్మాయి మాట, ఎవరూ ఆదుకోవడం లేదన్నట్టు మారిపోతుంది. విచారణకు వెళ్ళినవారు బంధువుల సాయం గురించి విని ఆమె అబద్ధం రాసిందనుకుంటారు.

4. 'ఐ నీడ్ ది మనీ టిల్ టెన్త్ జూలై.' జూలై 10 వరకు డబ్బు కావాలి, ఆ తర్వాత అక్కరలేదు అని దీని అర్థం. చదివినవారు ఆమె ఖర్జె హసనా అడుగుతోందనుకుంటారు. నిజానికి ఆ తేదీలోగా ఫీజు కట్టాలని ఆమె బాధ. 'బై టెన్త్ జూలై' అని ఉండాలి. తెలుగులో 'వరకు', 'లోగా' వేరు వేరు. ఉర్దూలో 'దస్ తారీఖ్ తక్' రెండింటికీ చెల్లుతుంది. ఉర్దూలో ఆలోచించే పిల్లలు ఇక్కడ ఎక్కువగా తడబడేది అందుకే.

ఈ నాలుగూ చూస్తే ఒక విషయం తెలుస్తుంది. చూడగానే తప్పు అనిపించే వాక్యం చాలాసార్లు నిజమే చెబుతుంది. శుభ్రంగా కనిపించే వాక్యం కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. జకాత్ అర్హులకే చేరాలని మనం ఎంతో జాగ్రత్త పడతాం. ఆ జాగ్రత్తలో భాష కూడా ఒక భాగం. 'హ్యాజ్', 'ఫర్', 'ఎ', 'బై' అనే నాలుగు చిన్న మాటల వల్ల అర్హులకు అందకపోవచ్చు, అక్కరలేనిచోటికి చేరవచ్చు.

మనం చేయగలిగినవి

మొదట, దరఖాస్తు ఫారంలో కుటుంబ పరిస్థితి రాసే చోట 'తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులలో ఏ భాషలోనైనా రాయవచ్చు' అని స్పష్టంగా అచ్చు వేయిద్దాం. సాయం అడగడానికి ఇంగ్లీషు పరీక్ష పాస్ కానక్కరలేదు.

రెండు, డబ్బుకు, తేదీకి, తండ్రి ఉద్యోగానికి సంబంధించిన వాటిని వాక్యంగా కాక విడి ప్రశ్నలుగా అడుగుదాం. తండ్రి ఇప్పుడు పని చేస్తున్నారా? ఎక్కడ ఉన్నారు? డబ్బు ఏ తేదీలోగా కావాలి? తిరిగి ఇచ్చే అప్పుగానా, సాయంగానా?

మూడు, దరఖాస్తు తోసిపుచ్చే ముందు ఒక్కసారి ఫోన్ చేసి ఇంటి భాషలో అడుగుదాం. రెండు నిమిషాలు పడుతుంది.

నాలుగు, సాయం పొందే పిల్లలకు ఫీజుతో పాటు ఒక మంచి నిఘంటువు ఇద్దాం. వారానికి ఒక గంట, పిల్లలు స్వయంగా రాసిన ఉత్తరాలనే తీసుకుని సరిదిద్దే తరగతి నడుపుదాం. ఎర్ర సిరాతో కొట్టివేయడం కాకుండా, 'దీన్ని ఉర్దూలో ఎలా అంటావు, తెలుగులో ఎలా అంటావు, మరి ఇంగ్లీషులో ఏం మారాలి' అని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు త్వరగా పట్టుకుంటారు. రెండు భాషలు తెలిసి ఉండటం వాళ్ళకు లోటు కాదు, పోల్చి నేర్చుకోవడానికి అదే పెట్టుబడి. మన సంఘంలో రిటైరైన ఉపాధ్యాయులు, ఆఫీసుల్లో పనిచేసిన పెద్దలు ఉన్నారు. ఆ గంట ఇవ్వగలిగినవారు కార్యదర్శి గారికి పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

మీరు ఇచ్చే ప్రతి రూపాయి వెనక ఒక పిల్ల రాసిన కాగితం ఉంటుంది. దాన్ని ఓపికగా చదవడం కూడా సదఖాయే అని మేము నమ్ముతున్నాము. అల్లాహ్ మనందరి ప్రయత్నాలను స్వీకరించుగాక. ఆమీన్.