ఆందోళనకు మందు : మేలెంత? కీడెంత?

మా ఊళ్ళో "మందు" అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. పొలంలో కొట్టేదీ మందే, పొద్దుగూకినాక తాగేదీ మందే, జ్వరమొస్తే మింగేదీ మందే. ఈ వ్యాసం మూడో మందును గురించి. అయితే దాన్ని తూచి చూడడం నాకు నేర్పింది మాత్రం మొదటి మందే. నేను రసాయనశాస్త్ర విద్యార్థినే గాని వైద్యుణ్ణి కాను. చదివినంత మేరకు, అనుభవించినంత మేరకు రాస్తున్నాను. పొరపాట్లుంటే అధ్యాపకులు సవరింతురు గాక.

రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షనాడు బ్యూరెట్ పట్టుకుంటే నా చేయి ఆగకుండా వణికింది. గుండెదడ, నోరు పిడచగట్టడం. అంతకుముందు కొన్ని నెలలుగా సరైన నిద్ర లేదు. టైట్రేషన్‌లో ఎండ్‌పాయింట్ దాటిపోయింది. ఆ రాత్రి హాస్టల్లో ఒక మిత్రుడు జాలిపడి, తన దగ్గరున్న అల్ప్రజోలం గోలీని సగం విరిచి ఇచ్చాడు. హాయిగా నిద్రపట్టింది. మర్నాడూ అడిగి తీసుకున్నాను. పదోనాటికి అడగకుండా ఉండలేకపోయాను. అప్పుడు భయం వేసి వైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన ముందు ఆ గోలీని కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించి, తర్వాత వేరే మందు రాసిచ్చారు.

ఏది గుబులు, ఏది జబ్బు?

పరీక్ష ముందు కాస్త గుబులు రోగం కాదు. ఆ గుబులే మనచేత పుస్తకం తెరిపిస్తుంది. కానీ కారణం తీరిపోయినా దడ పోకుండా, నెలల తరబడి నిద్రనూ తిండినీ చదువునూ దెబ్బతీస్తుంటే దాన్ని ఆందోళన రుగ్మత అంటారు. దానికి వాడే మందుల్లో ముఖ్యమైనవి మూడు రకాలు.

మొదటి రకం బెంజోడయజెపైన్లు. లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన క్లోర్‌డయజెపాక్సైడ్ 1960లో లిబ్రియమ్ పేరుతోనూ, డయజెపామ్ 1963లో వాలియమ్ పేరుతోనూ బజారులోకి వచ్చాయి. అల్ప్రజోలం కూడా ఈ కుటుంబానిదే. మన మెదడులో గాబా అనే పదార్థం నాడీకణాల జోరును తగ్గిస్తూ ఉంటుంది. ఈ మందులు గాబాకు బలం చేకూరుస్తాయి. క్లోరైడ్ అయాన్లు కణంలోకి ఎక్కువగా పోయి, కణం శాంతిస్తుంది. గుణం గంటలోపే తెలుస్తుంది. ఇదే దీని గొప్ప, ఇదే దీని ముప్పు. మత్తు, మతిమరుపు, కాళ్ళు తూలడం వస్తాయి. సారాతో కలిస్తే ఊపిరికే ప్రమాదం. వారాల తరబడి వాడితే శరీరం అలవాటుపడుతుంది. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చును.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రజోలం, డయజెపామ్ కలపడం ఎరిగిన సంగతే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్కపోయేసరికి, దానికి అలవాటుపడ్డవాళ్ళు వణుకుతూ, పలవరిస్తూ, ఫిట్స్‌తో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు చేరారు. తాము గోలీల మందుకు అలవాటుపడ్డామని వాళ్ళలో ఎందరికి తెలుసు?

రెండోది ప్రొప్రనలాల్. 1960 దశకంలో దీన్ని రూపొందించిన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇది అడ్రినలిన్ ప్రభావానికి అడ్డుపడి దడనూ, చేతి వణుకునూ తగ్గిస్తుంది. మనసులోని చింతను మాత్రం తీయలేదు. ఆస్తమా ఉన్నవాళ్ళకు ఇది అపాయకరం.

మూడో రకంలో ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్ వంటివి ఉన్నాయి. ఇవి నాడీకణాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేటట్టు చేస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి, నిద్ర చెడడం మాత్రం మొదటి వారంలోనే మొదలవుతాయి. ఆందోళన మొదట్లో కాస్త పెరగవచ్చు కూడా. కొందరికి లైంగిక వాంఛ తగ్గుతుంది. సిగ్గుపడి చాలామంది వైద్యునికి చెప్పరు. చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చునన్న హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో 24 ఏళ్ళ వయసు దాకా విస్తరించింది. అంటే మనబోటి వాళ్ళు మొదటి వారాల్లో ఒంటరిగా ఉండకూడదు, ఇంట్లో ఒకరికైనా చెప్పాలి. వీటినీ ఒక్కసారిగా ఆపరాదు.

మా బాపు తూచిన తీరు

నాకు రాసిచ్చింది ఈ మూడో రకమే. చీటీ చూసి మా బాపు ముఖం చిన్నబోయింది. "పిచ్చోళ్ళ గోలీలా బిడ్డా? అలవాటైతే ఎట్ల?" అన్నాడు.

"వరిల మొగిపురుగు ఉన్నదంటే వెంటనే మందు కొడ్తవా బాపూ?" అని అడిగాను.

"ఎందుకు కొడత? చదరపు మీటరుకు ఒక్క తల్లిపురుగన్న కనబడాలె. ఊకె కొడితే పైసలు దండుగ, పురుగును తినే సాలీళ్ళు సస్తయ్."

"కనబడ్డంక కొట్టకపోతే?"

"తెల్లకంకులే మిగుల్తయ్."

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగాడు: "ఎన్నొద్దులు వాడాల్నో, ఎట్ల ఆపాల్నో అడిగినవా?"

అడగలేదు! రసాయనశాస్త్రం చదివే నాకు తట్టని ప్రశ్న, బడి మొహం ఎరగని మా బాపుకు తట్టింది. మళ్ళీ వెళ్ళి అడిగాను. నెమ్మదించిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలనీ, ఆపైన మోతాదు మెల్లగా తగ్గిస్తామనీ వైద్యుడు చెప్పారు. మందుతో సమానంగా పనిచేసే మాటల చికిత్స కూడా ఉందని, ఆలోచనల తీరును మార్చుకునే ఆ పద్ధతికి వారానికొకసారి రమ్మన్నారు.

మొదటి రెండు వారాలు అన్నం చూస్తే వికారం. తొమ్మిదోనాడు గోలీలు పారేద్దామనుకున్నాను. కానీ నాట్లు వేసిన వారానికే కోత రాలేదని పొలం దున్నేస్తామా? పెట్టుబడి ముందు, పంట తర్వాత. అయిదో వారంలో వరసగా నాలుగు రాత్రులు నిద్రపోయాను.

మిత్రులారా! మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. జబ్బు నా దగ్గర్నుంచి ఏం తీసుకుపోతున్నది, మందు ఏం తీసుకుపోతుంది అని రెండు తట్టలూ చూడాలి. గుణం ఎన్నాళ్ళకు, ఇబ్బందులేమిటి, వాటిలో పోయేవేవి, ఎన్నాళ్ళు వాడాలి, ఎలా ఆపాలి, మందు కాకుండా వేరే దారి ఉందా అని వైద్యుని అడగడానికి మొహమాటపడవద్దు. స్నేహితుని గోలీ అసలే వద్దు. అతని త్రాసు వేరు, మీ త్రాసు వేరు. వైద్యుని దాకా వెళ్ళడానికి జంకేవారు 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చును.

నేనింకా గోలీ వాడుతున్నాను. ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో చేయి కొంచెం వణికిన మాట నిజమే. ఎండ్‌పాయింట్ మాత్రం దాటలేదు.