లోపాన్వేషణ

పాఠ్యభాగ పరిచయం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. కంప్యూటర్ కార్యక్రమాలలో తలెత్తే లోపాలను, ముఖ్యంగా క్లౌడ్ మీద నడిచే కార్యక్రమాలలోని లోపాలను వెదికి సరిదిద్దే పద్ధతిని ఇది పరిచయం చేస్తుంది. తప్పు ఎవరిదని అడగడానికి ముందు తప్పు ఎక్కడ ఉందని అడగడం ఎందుకు అవసరమో వివరిస్తుంది.

పాఠ్యాంశం

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున ఉప్పల్, హబ్సిగూడ, నాచారం ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ప్రాంతాలు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రహదారి మీదనే ఉంది. భూగర్భంలోని లోతులకు దిగి చూచివచ్చిన మనిషి లేడు. అయినా భూకంప తరంగాలు ఏ కేంద్రానికి ఏ క్షణంలో చేరాయో నమోదు చేసి, ఆ నమోదులను పోల్చి, ప్రకంపన ఎక్కడ పుట్టిందో శాస్త్రజ్ఞులు నిర్ణయించగలుగుతున్నారు. కంటికి కనిపించని చోట జరిగినదానిని, అది విడిచిన జాడలను బట్టి గ్రహించడమే ఈ శాస్త్రానికి మూలం. నేటి కంప్యూటర్ రంగంలోనూ ఇటువంటి విద్య ఒకటి ఉంది. దానిని డీబగ్గింగ్ అంటారు. తెలుగులో లోపాన్వేషణ అనవచ్చు.

ఈ విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ముందుకు సాగితే ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా వస్తుంది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా హైదరాబాదులో స్థాపితమైంది. దానిని తీర్చిదిద్దిన శాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావు పేరు మీదనే ఆ సమీపంలో ఎ.ఎస్. రావు నగర్ వెలసింది. ట్రాంబేలోని అణుశక్తి శాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 కంప్యూటర్‌ను తయారుచేసి అందించిన సంస్థ అదే. ఆ తరం యంత్రాలు గదిలో బీరువాల వలె నిలిచి ఉండేవి. లోపం కలిగినప్పుడు నిపుణుడు యంత్రం ఎదుటనే కూర్చుండి, దాని ముందుపలక మీద వెలిగి ఆరే దీపాలను చూచి, తీగలను తాకి, భాగాలను మార్చి పరీక్షించేవాడు. వైద్యుడు రోగి నాడిని పట్టి చూచినట్లు ఆ పరీక్ష ప్రత్యక్షంగా సాగేది.

నేటి స్థితి వేరు. క్లౌడ్ అనే మాటకు మేఘమని అర్థం. అయితే అది ఆకాశంలో ఉండేది కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వరుసలు తీరిన వేలాది కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకొని వాడుకొనే ఏర్పాటు అది. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదులోనే ఇటువంటి కేంద్ర సముదాయాన్ని ప్రారంభించింది. యంత్రం ఇదే నగరంలో ఉన్నప్పటికీ దానిని అద్దెకు తీసుకొన్నవారు తాకి చూచే వీలు లేదు. నాడి అందదు, రోగ లక్షణాల నివేదిక మాత్రమే అందుతుంది. ఆ నివేదికనే లాగ్ అంటారు. కార్యక్రమం తాను చేసిన ప్రతి ముఖ్యమైన పనిని, చేసిన సమయంతో సహా, దినచర్య వలె రాసుకొనే పుస్తకం అది. చాలా సందర్భాలలో జరిగినదానికి అదే ఏకైక సాక్షి.

కంప్యూటర్ లోపాన్ని బగ్ అనడానికి ఒక ముచ్చట చెబుతారు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే కంప్యూటర్ ఆగిపోయింది. పరిశీలించగా ఒక రిలేలో రెక్కల పురుగు చిక్కుకొని కనిపించింది. అక్కడివారు దానిని తీసి, నమోదు పుస్తకంలో అంటించి, దాని పక్కన విషయం రాశారు. యంత్ర లోపాన్ని పురుగు అనడం అంతకు ముందే, 19వ శతాబ్దంలో ఎడిసన్ కాలం నుంచే వాడుకలో ఉంది. ఈ ముచ్చటలో గమనించవలసినది పురుగు కంటె పుస్తకం. దొరికిన దోషాన్ని తీసి పారవేయక, ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో రాసిపెట్టడం లోపాన్వేషకుల మొదటి సుగుణం.

ఈ పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణను ఊహించుకుందాం. నాచారంలో ఒక పాల కేంద్రం ఉంది. తెల్లవారుజామున ఒక కుర్రవాడు ఇంటింటికీ పాలు పోసి, ఎన్ని లీటర్లు పోశాడో తన ఫోనులో నమోదు చేస్తాడు. ఆ లెక్కల కార్యక్రమాన్ని రూపొందించినది అదే వీధిలో ఉండే ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని. అది క్లౌడ్ మీద నడుస్తున్నది. జూలై 1న ఒక కుటుంబం ఆ వీధిలోకి కొత్తగా వచ్చి, ఆ ఉదయమే పాలు పోయించుకోవడం మొదలుపెట్టింది. కాని జూన్ నెల బిల్లులో వారి పేరున ఒక లీటరు పాలు కనిపించాయి. “జూన్‌లో మేము ఈ ఊళ్లోనే లేము కదా!” అని ఆ ఇల్లాలు నిలదీసింది. దొంగ లెక్క రాశాడన్న నింద పాల కుర్రవాని మీద పడింది. అతని కొలువు పోయే పరిస్థితి వచ్చింది.

విద్యార్థిని తన కంప్యూటర్‌లో కార్యక్రమాన్ని నడిపి చూచింది. లెక్క సరిగానే వచ్చింది. కార్యక్రమంలో తప్పు లేదని, తప్పు కుర్రవానిదేనని ఆమె అప్పుడే తీర్మానించి ఉంటే కథ అంతటితో ముగిసేది. ఆమె అలా చేయలేదు. క్లౌడ్‌లోని లాగ్‌ను తెరిచి ఆ ఉదయపు నమోదులన్నిటినీ వరుసగా పేర్చింది. కొన్ని ఇళ్ల పాలు జూన్ 30 కింద, కొన్ని ఇళ్ల పాలు జూలై 1 కింద కనిపించాయి. పోసినది ఒకే కుర్రవాడు. వాడినది ఒకే ఫోను. మరి తేడా దేనిలో ఉంది? తేడా సమయంలో ఉంది. 5 గంటల 30 నిమిషాలకు ముందు నమోదైన ప్రతి లెక్క ముందురోజు కింద చేరింది. ఆ తరువాతి లెక్కలన్నీ సరిగా ఉన్నాయి. మిగిలిన రోజుల నమోదులు తిరగవేసినా ఇదే తీరు కనిపించింది.

తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలని రెండు మాటలున్నాయి. ఒకటి ఉన్నచోట రెండవదీ ఉండడం అన్వయం. ఒకటి లేనిచోట రెండవదీ లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినప్పుడే కార్యకారణ సంబంధాన్ని శంకించడానికి బలం చేకూరుతుంది. కుర్రవాడు తప్పుడు నమోదులలోనూ ఉన్నాడు, సరైన నమోదులలోనూ ఉన్నాడు. కాబట్టి కారణం అతడు కాడు. అయిదున్నర అనే సంఖ్య ఆమెకు దారి చూపింది. భారతీయ కాలమానం, యు.టి.సి. అనే ప్రపంచ ప్రామాణిక కాలం కంటె 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఆమె కంప్యూటర్ గడియారం భారతీయ కాలాన్ని చూపుతున్నది. క్లౌడ్‌లోని యంత్రాలు సాధారణంగా ప్రపంచ కాలాన్ని పాటిస్తాయి. నాచారంలో జూలై 1 ఉదయం 5 గంటల 10 నిమిషాలైనప్పుడు ఆ యంత్రానికి ఇంకా జూన్ 30 రాత్రి 11 గంటల 40 నిమిషాలే. పాలు పోసినది ఈ రోజు. యంత్రం రాసినది నిన్నటి తేదీ.

ఆమె తన కంప్యూటర్ గడియారాన్ని కూడా ప్రపంచ కాలానికి మార్చి చూచింది. అదే తప్పు కళ్లెదుట మళ్లీ జరిగింది. తప్పును కోరినప్పుడు మళ్లీ రప్పించగలిగితే సగం పని పూర్తయినట్లే. సమయాన్ని ప్రపంచ కాలంలో దాచి, తేదీని మాత్రం భారతీయ కాలాన్ని బట్టి నిర్ణయించేటట్లు ఆమె సవరించింది. పాత లెక్కలను సరిచేసింది. కుర్రవాని మీద పడిన నింద తొలగిపోయింది.

లోపాన్వేషకులకు లాగ్ కాక మరికొన్ని సాధనాలున్నాయి. బ్రేక్‌పాయింట్ అనేది కార్యక్రమాన్ని కోరిన పంక్తి వద్ద నిలిపి, ఆ క్షణంలో ఏ విలువ ఎంత ఉందో చూపుతుంది. సొంత కంప్యూటర్‌లో ఇది గొప్ప సౌకర్యం. వేలాదిమంది వాడుతున్న క్లౌడ్ కార్యక్రమాన్ని అలా నిలిపితే అందరి పనీ నిలిచిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల అక్కడ లాగ్‌ల మీదనే ఎక్కువగా ఆధారపడతారు. గిట్ వంటి సాధనాలు కార్యక్రమంలో చేసిన ప్రతి మార్పునూ భద్రపరుస్తాయి. వేయి మార్పులలో ఒకదానితో లోపం ప్రవేశించిందనుకుందాం. సరిగా నడుమ ఉన్న మార్పు వద్ద పరీక్షించి, లోపం లేని సగాన్ని విడిచిపెడుతూ పోతే సుమారు 10 పరీక్షలలోనే ఆ మార్పు పట్టుబడుతుంది.

సాధనం సైతం ఒక్కొక్కప్పుడు మోసగిస్తుంది. బ్రేక్‌పాయింట్ పెట్టినా కార్యక్రమం అక్కడ ఆగదు. తెర మీద కనిపించే పాఠం ఒకటి, క్లౌడ్‌లో నడుస్తున్న పాఠం మరొకటి కావడం దీనికి తరచు కనిపించే కారణం. సవరణ చేశామనుకొంటారు, అది క్లౌడ్‌కు చేరి ఉండదు. కనుక చూస్తున్నదీ నడుస్తున్నదీ ఒకే ప్రతి అవునా అని ముందుగా నిర్ధారించుకోవాలి.

ఈ మాట తెలుగు సాహిత్య విద్యార్థులకు చిరపరిచితమే. తాళపత్రాల మీది కావ్యాలను లేఖకులు ఒకరిని చూచి ఒకరు రాసేటప్పుడు అక్షరాలు జారిపోయేవి, పంక్తులు తారుమారయ్యేవి. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒకే గ్రంథానికి చెందిన అనేక ప్రతులను సేకరించి పోల్పించాడు. ఒక ప్రతిని మాత్రమే చూచినవారికి పాఠాంతరం కనిపించదు. రెండు ప్రతులను పక్కపక్కన ఉంచినప్పుడే అవి ఎక్కడ వేరుపడ్డాయో తెలుస్తుంది. పరిష్కర్త తనకు నచ్చిన పాఠాన్ని కాక, ఆధారం ఉన్న పాఠాన్ని స్వీకరించాలి. లోపాన్వేషకుని ధర్మమూ అదే.

తొందరపాటు ఎంత నష్టం తెస్తుందో తెలిపే ఘటన 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో జరిగింది. అమెజాన్ సంస్థ ఉత్తర వర్జీనియా కేంద్రంలో, బిల్లుల వ్యవస్థ మందగించిన కారణాన్ని ఉద్యోగులు వెదుకుతున్నారు. కొన్ని కంప్యూటర్లను తప్పించడానికి ఒక ఉద్యోగి ఇచ్చిన ఆదేశంలో ఒక వివరం పొరపాటుగా పడింది. ఉద్దేశించిన వాటికంటె చాలా ఎక్కువ కంప్యూటర్లు తొలగిపోయాయి. దాని మీద ఆధారపడిన అసంఖ్యాక సేవలు సుమారు 4 గంటలసేపు స్తంభించాయి. సేవల స్థితిని తెలిపే పుట కూడా అదే వ్యవస్థ మీద ఆధారపడినందున, కొంతసేపు నిజస్థితిని చూపలేకపోయింది. లోపాన్ని వెదికే చేయే పెద్ద లోపానికి కారణమైంది. తరువాత సంస్థ ప్రకటించిన నివేదికలో ఆ ఉద్యోగి పేరు లేదు. జరిగిన క్రమం మాత్రమే ఉంది. ఒక్క ఆదేశంతో అన్ని కంప్యూటర్లు తొలగకుండా సాధనాన్నే సవరించినట్లు అందులో తెలిపారు. మనిషిని శిక్షించినంత మాత్రాన ఆ పొరపాటుకు దారి మూసుకుపోదు. రేపు మరొకరి చేయి అక్కడే జారవచ్చు.

నేడు పాల లెక్క మొదలుకొని పరీక్షా ఫలితాల వరకు ఎన్నో పనులు కనిపించని యంత్రాల మీద నడుస్తున్నాయి. యంత్రం చూపిన అంకెను ప్రమాణంగా భావించి, ఎదుట ఉన్న మనిషిని దోషిగా తలచడం సులభం. ఆ అంకె ఎలా వచ్చిందని అడగడం కష్టం. ఆ కష్టానికి ఓర్చుకొన్నవారే నిజమైన లోపాన్వేషకులు. వారి చేతిలో సరయ్యేది కార్యక్రమం ఒక్కటే కాదు. నింద మోసే ఒక మనిషి గౌరవం కూడా నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

అన్వేషణ = వెదకడం
ప్రకంపన = అదురు, కదలిక
ఏకైక = ఒకే ఒక్క
పాఠాంతరం = ఒకే రచనకు వేరొక ప్రతిలో కనిపించే భిన్న పాఠం
పరిష్కర్త = ప్రతులను పోల్చి గ్రంథాన్ని సరిచేసేవాడు
స్తంభించు = కదలక నిలిచిపోవు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాల లెక్కలోని లోపాన్ని విద్యార్థిని కనుగొన్న క్రమాన్ని వివరించండి.
2. లోపాన్వేషణకు, ప్రాచీన గ్రంథ పరిష్కరణకు గల పోలికలను చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. అన్వయ వ్యతిరేకాలు అంటే ఏమిటి? పాఠంలోని ఉదాహరణతో తెలపండి.
2. 2017 నాటి ఘటన నుంచి గ్రహించవలసిన నీతి ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. జూన్‌లో మేము ఈ ఊళ్లోనే లేము కదా!
2. నాడి అందదు, రోగ లక్షణాల నివేదిక మాత్రమే అందుతుంది.

IV. సంధులు
లోపాన్వేషణ = లోప + అన్వేషణ – సవర్ణదీర్ఘ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి

V. సమాసాలు
కార్యకారణాలు – కార్యమును, కారణమును – ద్వంద్వ సమాసం
భూగర్భం – భూమి యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం