పోయినేటి ఓటమిని చెరిపెయ్యకు

రిచ్‌మండ్, వర్జీనియా

చి॥ బుజ్జికి,

ఈసారి కూడా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌కి సెలెక్ట్ అయ్యావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! ఆ మాటతో పాటే ఇంకో మాటా చెప్పాడు. పోయినేడు సౌత్ జోన్ పోటీల్లో మొదటి మ్యాచ్‌కే ఓడి ఇంటికొచ్చిన సంగతి ఎవరెత్తినా లేచి గదిలోకి వెళ్లిపోతున్నావట. ఆ మ్యాచ్ వీడియో ఫోన్‌లోంచి తీసేశావట. అది విన్న దగ్గర్నుంచీ నీకు రాయాలని ఉంది. ఫోన్‌లో చెబితే ‘ఊ, ఊ’ అని వదిలేస్తావు. ఉత్తరమైతే క్యాంపుకు తీసుకెళ్లి మళ్లీ చదువుకోవచ్చు.

ముందు ఆ వీడియో తెప్పించుకో. మీ టీమ్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. మొదటిసారి చూస్తుంటే ఏడుపొస్తే రానీ. రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకుని చూడు. బంతి మీ చేతుల్లోంచి ఎక్కడెక్కడ పోయింది? ఫ్రీ త్రోలు ఎన్ని తప్పాయి? రీబౌండ్ వదిలేసి ఎదుటివాళ్లకు రెండో షాట్ ఎన్నిసార్లు ఇచ్చారు? మీరు ఓడిన ముప్ఫై పాయింట్ల తేడా వినడానికి కొండంత ఉంటుంది. ఇలా విడదీసి రాసుకుంటే అందులో సగానికి పైగా సరిచేసుకోగలిగినవే కనిపిస్తాయి. మిగిలింది ఎదుటివాళ్ల గొప్పతనం. దానికి నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఓటమిని చెరిపేసుకోవద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. నేనుండే ఊరికి గంటకు కాస్త పైన ప్రయాణంలో షార్లట్స్‌విల్ ఉంది. వర్జీనియా యూనివర్సిటీ అక్కడే. ఇక్కడి కాలేజీలకు మార్చి, ఏప్రిల్ నెలల్లో జాతీయ టోర్నమెంట్ జరుగుతుంది. 2018లో మగపిల్లల పోటీలో అరవై ఎనిమిది టీమ్‌లు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతంలో ఒకటి నుంచి పదహారు దాకా సీడ్‌లు ఇస్తారు. ఒకటో సీడ్ టీమ్ మొదట పదహారో సీడ్‌తో ఆడుతుంది. 1985లో పోటీ అరవై నాలుగు టీమ్‌లకు పెరిగినప్పటి నుంచి 2018 దాకా అలాంటి మ్యాచ్‌లు నూట ముప్ఫై అయిదు జరిగితే అన్నింట్లోనూ ఒకటో సీడే గెలిచింది. ఆడపిల్లల పోటీలో మాత్రం ఆ గోడ ముందే కూలింది. 1998లో హార్వర్డ్ అమ్మాయిలు స్టాన్‌ఫర్డ్‌ను వాళ్ల సొంత కోర్టులోనే 71–67తో ఓడించారు. ఇక్కడ చాలామందికి అది గుర్తుండదు. నువ్వు గుర్తుపెట్టుకో.

2018లో వర్జీనియా ఒకటో సీడ్. అప్పటికి ముప్ఫై ఒక్క మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడింది. మార్చి 16న నార్త్ కరోలినాలోని షార్లట్ నగరంలో, యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ టీమ్‌తో మ్యాచ్. అందరూ యూఎంబీసీ అంటారు. పదహారో సీడ్. సగం ఆటకు 21–21. రెండో సగంలో ఏం జరుగుతోందో చూసేవాళ్లకు అర్థమయ్యేలోపే అయిపోయింది. చివరికి 74–54. ఇరవై పాయింట్ల ఓటమి.

ఎందుకలా అయిందో నీకు తెలియాలి. నువ్వు గార్డ్‌వి, ఇది నీ పాఠమే. అప్పటి వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ ఆడించిన డిఫెన్స్‌ను ‘ప్యాక్ లైన్’ అంటారు. వాళ్ల నాన్న డిక్ బెనెట్ తయారుచేసిన పద్ధతి. రింగ్ నుంచి పదహారడుగుల దూరంలో కనపడని గీత ఒకటి ఉందనుకో. బంతి ఉన్నవాళ్ల మీదికి ఒకడు వెళతాడు, మిగతా నలుగురూ ఆ గీత లోపలే కాచుకుని ఉంటారు. లోపలికి దూరే దారి ఉండదు. అటు ఆట కూడా నెమ్మదిగా, షాట్ క్లాక్ దాదాపు అయిపోయేదాకా నడిపించేవారు. ఇలా ఆడే టీమ్ ముందుంటే ఎదుటివాళ్లకు ఊపిరాడదు. వెనకబడితే మాత్రం కష్టం. మ్యాచ్‌లో దొరికే అవకాశాలే తక్కువ కాబట్టి పన్నెండు పాయింట్లు తిరిగి సంపాదించడానికి వ్యవధి ఉండదు. ఆ రాత్రి యూఎంబీసీ గీత అవతలి నుంచి త్రీలు కొట్టింది, ఇరవై నాలుగింట పన్నెండు. వెనకబడ్డ వర్జీనియా పిల్లలు కంగారుపడి తామూ త్రీలకే దిగారు. ఇరవై రెండు వేస్తే నాలుగు పడ్డాయి. మణికట్టు విరిగి డిఆండ్రే హంటర్ అనే మంచి ఆటగాడు బయట కూర్చున్నది నిజమే. కానీ వాళ్లు ఆ సాకు వెనక దాక్కోలేదు.

ఆ రాత్రి బెనెట్ తన ఇద్దరు గార్డులు కైల్ గైనీ, టై జెరోమ్‌నీ పక్కన కూర్చోబెట్టుకుని విలేకరుల ముందుకొచ్చాడు. ఎదుటి టీమ్ తమకంటే బాగా ఆడిందని ఒప్పుకున్నాడు. కోచ్‌లలో నేను ముందు చూసేది ఆ గుణమే. తర్వాత డోనల్డ్ డేవిస్ అనే కథకుడి ప్రసంగం ఒకటి టీమ్ అందరికీ చూపించాడు. కష్టాన్ని సరిగ్గా వాడుకోవడం నేర్చుకుంటే, అది లేకుండా ఎప్పటికీ చేరలేని చోటికి చేరుస్తుందన్నది దాని సారం. ఏడాదంతా వాళ్లకు అదే మాట. కైల్ గై అయితే తను తల వంచుకుని నిలబడ్డ ఆనాటి ఫొటోను ఫోన్ తెర మీదే పెట్టుకున్నాడు. నువ్వు వీడియో చెరిపేశావు, అతను ఫొటో ఎదురుగా పెట్టుకున్నాడు. ఆ తేడా గురించి ఒకసారి ఆలోచించు, తల్లీ.

గై గురించి ఇంకో సంగతీ చెప్పాలి. ఆ ఓటమి తర్వాత కొద్ది వారాలకు, తను తీవ్రమైన ఆందోళనతో బాధపడుతున్నానని అందరికీ తెలిసేలా రాశాడు. సాయం తీసుకున్నాడు. మ్యాచ్ ముందు రాత్రి నీకు నిద్ర పట్టడం లేదని మీ నాన్న చెప్పాడు. అది పిరికితనం కాదు. కోచ్‌తో చెప్పు, నాతో చెప్పు, కాలేజీలో కౌన్సెలర్ ఉంటే అక్కడ చెప్పు. లోపల దాచుకుని మాత్రం కోర్టులోకి దిగకు.

మరుసటి ఏడు, 2019లో, వాళ్లు మళ్లీ ఒకటో సీడే. మొదటి మ్యాచ్ మళ్లీ పదహారో సీడ్‌తోనే. పేరు గార్డ్‌నర్-వెబ్. మొదటి సగంలో పధ్నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. స్టేడియంలో ప్రతి ఒక్కరి మనసులోనూ ఒకటే మాట మెదులుతుండాలి. కానీ ఈసారి కంగారుపడలేదు. తమ డిఫెన్స్ తాము చేసుకుంటూ, హంటర్‌తో రింగ్ వైపు దూసుకెళ్తూ, ఒక్కో పాయింటే తెచ్చుకున్నారు. 71–56తో గెలిచారు. ఆ టోర్నమెంట్ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చింది ఫైనల్ కాదు, ఈ మ్యాచే. వాళ్లు పాత పద్ధతిని పారెయ్యలేదు. దాన్నే ఉంచుకుని, వెనకబడ్డప్పుడు ఎలా ఆడాలో నేర్చుకుని వచ్చారు. నువ్వు చెయ్యాల్సింది కూడా అదే. మీ క్యాంపులో ‘పది పాయింట్లు వెనకున్నాం, అయిదు నిమిషాలే ఉంది’ అని స్కోర్‌బోర్డ్ పెట్టి రోజూ ఒక ఆట ఆడించమని మీ సార్‌ని అడుగు. అలసిపోయిన కాళ్లతో, చివర్లో ఆడాలి. పొద్దున్నే తాజాగా ఉన్నప్పుడు ఆడితే లాభం లేదు.

అదే టోర్నమెంట్‌లో తర్వాత పర్‌డ్యూతో జరిగిన మ్యాచ్‌లో చివరి అయిదారు సెకన్లు నెట్‌లో దొరుకుతాయి, చూడు. వర్జీనియా రెండు పాయింట్లు వెనక. జెరోమ్ రెండో ఫ్రీ త్రో తప్పింది. మమాది డియాకిటే రీబౌండ్‌ను చేత్తో వెనక్కి తట్టాడు. బంతి ఎక్కడో సొంత సగంలోకి దొర్లిపోయింది. దాని వెంట పరుగెత్తింది కీహే క్లార్క్, అయిదడుగుల తొమ్మిదంగుళాల మొదటి సంవత్సరం కుర్రాడు. పేరున్న గార్డులు ఇద్దరూ అక్కడే ఉన్నారు. కానీ అతను తలెత్తి చూశాడు. దూరంగా రింగ్ దగ్గర డియాకిటే ఖాళీగా కనిపించాడు. బంతి సూటిగా అతని చేతిలో పడింది, షాట్ గాల్లో ఉండగానే బజర్ మోగింది, 70–70. అదనపు సమయంలో 80–75తో గెలిచారు. పొట్టిదాన్నని బాధపడుతుంటావు కదా. నీ ఎత్తు మార్చుకోలేవు, తలెత్తి చూడడం మాత్రం నేర్చుకోవచ్చు. డ్రిబుల్ చేస్తూ మీ సార్ ఎన్ని వేళ్లు చూపిస్తున్నారో పైకి చెప్పే పాత అభ్యాసం ఉంది, అది రోజూ చెయ్యి.

సెమీఫైనల్లో ఆబర్న్ మీద రెండు పాయింట్లు వెనకున్నప్పుడు, 0.6 సెకను మిగిలి ఉండగా కైల్ గైకి మూడు ఫ్రీ త్రోలు వచ్చాయి. మూడూ వేశాడు. 63–62. అంతకు కొన్ని సెకన్ల ముందు జెరోమ్ చేసిన డబుల్ డ్రిబుల్ రిఫరీల కంట పడలేదు. పడి ఉంటే కథ వేరు. అదృష్టం కూడా ఆటలో భాగమే, దాన్ని దాచి నీకు కథ చెప్పను. కానీ అదృష్టం తెచ్చిపెట్టిన ఆ మూడు బంతులూ వెయ్యాల్సింది మళ్లీ అతని చెయ్యే. మినియాపొలిస్‌లో ఏప్రిల్ 8న టెక్సస్ టెక్‌తో ఫైనల్. మూడు పాయింట్లు వెనకుండగా హంటర్ కార్నర్ నుంచి త్రీ వేసి 68–68 చేశాడు. అదనపు సమయంలో వర్జీనియాకు పన్నెండు ఫ్రీ త్రోలు వస్తే పన్నెండూ పడ్డాయి. 85–77. ఆ యూనివర్సిటీకి మగపిల్లల బాస్కెట్‌బాల్‌లో అదే మొదటి జాతీయ టైటిల్.

అందుకే ఫ్రీ త్రోల గురించి నిన్ను వేధిస్తూనే ఉంటాను. మీ ఆటలో క్వార్టర్‌కు అయిదో టీమ్ ఫౌల్ నుంచి రెండేసి ఫ్రీ త్రోలు వస్తాయి. దగ్గరి మ్యాచ్ అయితే చివరి క్వార్టర్ అంతా ఆ గీత దగ్గరే తేలుతుంది. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు పరుగెత్తి, రొప్పుతూ రెండు వెయ్యి. మళ్లీ పరుగెత్తు, మళ్లీ రెండు. తీరుబడిగా నిలబడి వేసే యాభైకంటే ఇలా వేసిన ఇరవై మేలు.

వర్జీనియా పిల్లలకు ఉండి మీకు లేనిది ఒకటుంది. వాళ్లు ఒకే చోట చదువుతూ ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు. మీరు వేరువేరు కాలేజీల నుంచి వచ్చి, చిన్న క్యాంపులో కలిసి, రైలెక్కేస్తారు. మీకు ఎదురయ్యే కేరళ, తమిళనాడు అమ్మాయిల్లో స్కూలు వయసు నుంచీ ఆడుతూ వచ్చినవాళ్లు చాలామంది. పేరున్న క్రీడాకారిణి గీతూ అన్నా జోస్ కేరళ నుంచి వచ్చింది, 2021లో పద్మశ్రీ అందుకున్న అనితా పాల్‌దురై చెన్నై నుంచి. ఆ సంప్రదాయాన్ని క్యాంపు రోజుల్లో అందుకోలేం. అందుకే మీకు పది ప్లేలు వద్దు. రెండు మూడు చాలు, కళ్లు మూసుకుని ఆడగలిగేలా నేర్చుకోండి. ఎవరికి బంతి ఏ చేతి వైపు ఇవ్వాలి, ఎవరు ఏ మూల నుంచి బాగా వేస్తారు, ఎవరు తప్పు చేశాక ముభావమైపోతారు అన్నది నువ్వు తెలుసుకో. గార్డ్ పని సగం అదే. భోజనాల దగ్గర మీ కాలేజీ వాళ్ల పక్కనే కూర్చోకు. డిఫెన్స్‌లో పేరు పెట్టి, గట్టిగా అరిచి మాట్లాడండి. నోరు మూసుకుని ఆడే టీమ్ ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యంగా కదులుతుంది.

మీరు సాధన చేసేది సిమెంటు కోర్టు మీద. టోర్నమెంట్‌లో చెక్క ఫ్లోర్ దొరికితే పరుగు ఆపే తీరు, బంతి లేచే తీరు రెండూ మారతాయి. మ్యాచ్‌కు ముందు అయిదు నిమిషాలైనా ఆ కోర్టు మీద ఆగడం, తిరగడం చేసి చూసుకోండి. బూట్ల అడుగులు తడిగుడ్డతో తుడుచుకోండి. కొత్త బూట్లు టోర్నమెంట్‌లో మొదటిసారి వేసుకోవద్దు. రైల్లో పై బెర్తు ఎవరిదని వాదులాడుకోకుండా అందరూ నిద్రపోండి. పులిహోర, దద్దోజనం మొదటి రోజుకే. తర్వాత అరటిపళ్లు, వేరుశనగ, ఉడికించిన గుడ్లు. స్టేషన్‌లో నూనె సరుకులు తినొద్దు. నెలసరి తేదీలు దగ్గరపడితే మీతో వచ్చే మేడమ్‌కు ముందే చెప్పండి, సిగ్గు అక్కర్లేదు. నేను ఆడే రోజుల్లో ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లం కాదు. నొప్పి భరిస్తూ ఆడడమే పద్ధతి అనుకునేవాళ్లం. అది మంచి పద్ధతి కాదు.

ఈ ఏడాదితో ఆట చాలించమని మీ అమ్మ అంటోందని తెలుసు. ఆమెకు నీ చదువు బెంగ, అది సహజం. ఇంటర్నల్స్ ఎప్పుడో, అటెండెన్స్ ఎంత ఉందో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వు. పాఠాల నోట్సు ఎవరి దగ్గర తీసుకుంటావో కూడా చెప్పు. మిగతాది నేను మాట్లాడతాను. ఆదివారం ఫోన్ చేస్తాను, అప్పుడు వదినను లైన్లో ఉండమను.

చీలమండకు వేసుకునే బ్రేసులు రెండు జతలు ఇక్కడి నుంచి వస్తున్నవాళ్లతో పంపుతున్నాను. ఒకటి నీకు, ఇంకోటి మీ సెంటర్ ఆడే అమ్మాయికి. సైజు సరిపోకపోతే వెంటనే చెప్పు. డ్రా రాగానే మొదటి మ్యాచ్ ఎవరితోనో, ఎన్ని గంటలకో మెసేజ్ పెట్టు. ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే, లేచి చూస్తాను.

ప్రేమతో,
మీ మేనత్త