పేరొకచోట, పీఠమొకచోట: సింగరేణి సీమలో ఊళ్ల పోటీ

మనిషికి ఇంటిపేరు ఎటువంటిదో ఊరికి దాని పేరు అటువంటిది. అది ఇతరులు పిలుచుటకే గాక, తన్ను తాను గుర్తించుకొనుటకు కూడ అవసరమగుచున్నది. ఇరుగుపొరుగున రెండు ఊళ్లుండి, వానిలో ఒకటి పెరిగి పెద్దదై, రెండవది వెనుకబడినప్పుడు చిన్న ఊరి మనస్సులో ఒక వెలితి పుట్టును. “అది మా తరువాత పుట్టిన ఊరు కదా, మా పేరుతోనే గదా పెరిగినది” అను మాట ప్రతి సీమలోను వినవచ్చును. ఈ పోటీ ఏ కారణముల వలన పుట్టుచున్నది, అందులో న్యాయమెంత, అభిమానమెంత అను విషయమును మన కారేపల్లి పరిసరములనే ఉదాహరణముగా గైకొని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

కారేపల్లి ఖమ్మం జిల్లాలో అడవి అంచున నున్న రైల్వే జంక్షను. ఇది ఒక మండల కేంద్రము కూడ. అయితే ఆ మండలము పేరు కారేపల్లి కాదు, సింగరేణి. అనగా పేరు ఒక ఊరిది, కచేరీ మరొక ఊరిలోనిది. కొత్తవారికి ఇది వింతగా తోచవచ్చును. కాని ఈ సీమ చరిత్రను తరచి చూచినచో, పేరొకచోట పీఠమొకచోట నుండుట ఇక్కడ వింత కాదనియు, వాడుకయే ననియు తెలియగలదు.

సింగరేణి కథ

భద్రాచల యాత్రకు పోవుచున్న భక్తులు దారిలో వంటకై నల్లరాళ్లను పొయ్యిగా పేర్చగా ఆ రాళ్లే అంటుకొని మండినవని ఈ ప్రాంతమున ఒక కథ ప్రచారములో నున్నది. కథ మాట ఎట్లున్నను, 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గు నిక్షేపములను కనుగొనెను. ఆయన పేర ఒక బొగ్గు పొరను నేటికిని ‘కింగ్ సీమ్’ అనియే పిలుచుచున్నారు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులను పొందినది. 1889లో బొగ్గు తీయుట ఆరంభమైనది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ స్థాపితమై, పాత కంపెనీ ఆస్తులను స్వీకరించినది. 1945లో నిజాం ప్రభుత్వము అందులో అధిక భాగము వాటాలను కొన్నది. నేడు ఆ కంపెనీలో 51 శాతము తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వమునకును, 49 శాతము కేంద్ర ప్రభుత్వమునకును వాటా కలదు.

ఇందు గమనింపదగిన సంగతి ఒకటున్నది. గనులు మొదట వెలసినది ఇల్లెందులో. ఆ ఊరిని జనులు ‘బొగ్గుట్ట’ అని పిలిచెడివారు. కాని కంపెనీకి దక్కిన పేరు సింగరేణి గ్రామముది. తరువాతి కాలమున కంపెనీ ప్రధాన కార్యాలయము నెలకొన్నది కొత్తగూడెములో. ఒకే బొగ్గునుండి ఒక ఊరికి పేరు, ఒక ఊరికి పుట్టుక గౌరవము, ఒక ఊరికి పీఠము దక్కినవి. గోదావరి లోయ పొడవునా మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి వరకు విస్తరించిన సంస్థకు తన పేరిచ్చిన పల్లె మాత్రము పల్లెగానే మిగిలిపోయినది.

రైలు చెప్పు సాక్ష్యము

బొగ్గు వెంట రైలు వచ్చినది. నిజాం రైల్వే వారు 1888లో డోర్నకల్ నుండి సింగరేణి గనులకు శాఖ మార్గమును వేసిరి. మరుసటి సంవత్సరమే ప్రధాన మార్గము బెజవాడ చేరినది. అటుపిమ్మట కొత్తగూడెమునకు వేసిన మార్గము కారేపల్లి వద్ద విడిపోయినది. ఇల్లెందు మార్గము ఒక వంకకు, కొత్తగూడెము మార్గము మరొక వంకకు చీలిన చోటనే కారేపల్లికి జంక్షను గౌరవము లభించినది. పెద్ద ఊళ్ల నడుమనున్న చిన్న ఊరికి బలము తన జనసంఖ్య వలన గాక, తానున్న చోటు వలన కలుగుననుటకు ఇది తార్కాణము.

ఆ మార్గమున కొత్తగూడెములో దిగినవారికి ఫలకముపై కనబడు పేరు ‘భద్రాచలం రోడ్’. రామాలయమున్న భద్రాచలము అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఆవలి ఒడ్డున నున్నది. భద్రాచలము పేరును కొత్తగూడెము స్టేషను మోయుచుండగా, కొత్తగూడెము పేరును పాల్వంచలోని విద్యుత్కేంద్రము మోయుచున్నది. కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రము నిజమునకు పాల్వంచలో కట్టబడినది. ఇంతకును కొత్తగూడెము అను మాటకు అర్థము కొత్తగా వెలసిన గూడెము అనియే. అడవిసీమలో చిన్న నివాసమునకు వాడు మాట నేడు ఒక జిల్లా కేంద్రమునకు పేరైనది. పెద్ద ఊరు ఒకనాడు చిన్నదే నన్న సత్యము దాని పేరులోనే దాగియున్నది.

పెద్దరికము శాశ్వతము కాదు

పదునేడవ శతాబ్దిలో గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండెను. ఆయనయే రామదాసుగా ప్రసిద్ధుడైనవాడు. అప్పుడు అధికారము పాల్వంచది, భద్రాచలము దాని ఏలుబడిలోనిది. తరువాత ఆలయము వలన భద్రాచలము పేరు దేశమంతటను మ్రోగగా, పాల్వంచ పేరు వెనుకకు పోయినది. 1860లో గోదావరికి ఎడమ ఒడ్డున నున్న తాలూకాలు నిజాం చేతినుండి ఆంగ్లేయులకు సంక్రమించుటచే నది రెండు రాజ్యములకు సరిహద్దైనది. 1953 అక్టోబరు 1వ తేదీన వరంగల్ జిల్లానుండి ఖమ్మం జిల్లా వేరుపడినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి జిల్లానుండి వచ్చి అందులో చేరినవి. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణమున భద్రాచలము చుట్టునున్న పల్లెలనేకము ఆంధ్రప్రదేశ్‌లో కలియగా, భద్రాచలము పట్టణము తెలంగాణలో మిగిలినది. తన పల్లెలను పోగొట్టుకొన్న పట్టణమునకు పేరెంత గొప్పదైనను కష్టము తప్పదని ఆ ఊరి అనుభవము తెలుపుచున్నది.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ సీమ మరల చీలినది. ఇల్లెందు, కొత్తగూడెములు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనికి, గార్ల, బయ్యారములు మహబూబాబాద్ జిల్లాలోనికి పోగా, సింగరేణి మండలము ఖమ్మం జిల్లాలోనే నిలిచినది. అనగా సింగరేణి గ్రామము ఒక జిల్లాలోను, దాని పేరు పెట్టుకొన్న కంపెనీ పీఠము మరొక జిల్లాలోను ఉన్నవి. డోర్నకల్ నుండి కొత్తగూడెము పోవు ప్రయాణికుడు ఆ కొద్ది దూరములోనే మూడు జిల్లాలను దాటుచున్నాడు. కొత్త జిల్లాకు ‘భద్రాద్రి’, ‘కొత్తగూడెం’ అను రెండు పేర్లను కలిపి పెట్టుటలోని ఆంతర్యమును విద్యార్థులు గ్రహింపవలెను. పీఠము ఒకరికి దక్కినప్పుడు పేరులోనైనను రెండవవారికి పాలు పంచుట అందులోని నీతి.

ఇతర సీమల అనుభవము

ఇట్టి పోటీ మన సీమకే పరిమితము కాదు. 1806లో మూడవ అసఫ్‌జాహీ ప్రభువు సికందర్ జా పేర సికింద్రాబాదు వెలసినది. దాని పురపాలక సంఘము 1960లో హైదరాబాదులో లీనమైనను, రైల్వే స్టేషను పేరున, లోక్‌సభ నియోజకవర్గము పేరున ఆ ఊరు తన ప్రత్యేకతను నిలుపుకొన్నది. హనుమకొండ కాకతీయుల తొలి రాజధాని. వేయిస్తంభముల గుడి శాసనము 1163 నాటిది. రాజధాని ఓరుగల్లు కోటకు మారిన పిదప వరంగల్ పేరే పెద్దదైనది. 2016లో ఏర్పడిన వరంగల్ అర్బన్ జిల్లాకు 2021లో హనుమకొండ అని పేరు మార్చవలసివచ్చినది. ఎనిమిది శతాబ్దులు గడచినను ఊరు తన పేరును మరువలేదు.

విదేశములలోను ఇట్లే జరిగినది. డాన్యూబు నదికి ఇరువైపుల నున్న బుడా, పెస్ట్ నగరములు, పాత బుడాతో కలిసి 1873లో బుడాపెస్ట్ అయినవి. రెండు పేర్లును ఒకే పేరులో బ్రతికినవి. బ్రూక్లిన్ ఒకప్పుడు స్వతంత్ర నగరము. 1898లో న్యూయార్కులో కలిసినది. అయినను ఆ ఊరివారు నేటికిని తాము బ్రూక్లిన్ వారమనియే చెప్పుకొందురు. కలియుట వేరు, కరగిపోవుట వేరు అని ఈ ఉదాహరణములు బోధించుచున్నవి.

మాటలలోని పాఠము

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును చదువువారున్నారు గనుక కొన్ని మాటలను విచారించుట లాభకరము. ‘జిల్లా’ అను మాటకు మూలము అరబ్బీ భాషలోనిది. దానికి ప్రక్క, ప్రక్కటెముక అని అర్థములు. ప్రక్కటెముక దేహమును విడిచి బ్రతుకదు. ‘తాలూకా’ అను మాట సంబంధము అను అర్థముగల ‘తఅల్లుఖ్’ నుండి వచ్చినది. అందువలననే తెలుగులో “వారి తాలూకు మనిషి” అని నేటికిని అనుచున్నాము. 1985లో మండలములు ఏర్పడి పాత తాలూకాలు పోయినవి గాని, ఆ మాటలోని భావము పోలేదు. ఒక పల్లె ఏ పట్టణము తాలూకుదో, ఆ పట్టణము కూడ ఆ పల్లె తాలూకుదే. సంబంధము ఒకవైపు నుండియే యుండదు గదా!

మూడవ మాట ‘ముల్కీ’. ముల్క్ అనగా దేశము, ముల్కీ అనగా దేశీయుడు. పాల్వంచలోని విద్యుత్కేంద్రములో స్థానికులకు కొలువులు దక్కుట లేదన్న అసంతృప్తి నుండియే 1969 ఆందోళన మొలకెత్తి, ఖమ్మం విద్యార్థులను కదిలించి, తెలంగాణమంతట వ్యాపించినది. చిన్న ఊరి ఫిర్యాదును పెద్ద నగరము చిన్నదిగా చూచినచో అది ఎంత దూరము పోగలదో ఆ సంవత్సరము చూపినది.

న్యాయమేది, అభిమానమేది?

ఇక పోటీని విశ్లేషింతము. ఊళ్లు మూడింటికై పోటీపడును: పేరు, పీఠము, పని. ఈ మూడును ఒకటి కావు.

పేరును గురించిన కోరిక అతి సులభముగా తీరునది. ఒకరికి ఇచ్చుట వలన మరొకరికి నష్టము లేదు. కనుక దానిని నిరాకరించుట అనుచితము, దానితోనే తృప్తిపడుట అవివేకము. పీఠమును గురించిన కోరికకు ఒక కొలత కలదు. కచేరీ ఎక్కడ నున్నచో మారుమూల గూడెములోని పేదవానికి ఒక దినము కూలి నష్టపోకుండ పని జరుగునో అక్కడ నుండుట న్యాయము. ఊరి గొప్పకై కోరు పీఠము వేరు, జనుల సౌకర్యమునకై కోరు పీఠము వేరు. మొదటిది అభిమానము, రెండవది హక్కు.

పనిని గురించిన పోటీయే కఠినమైనది. ఇల్లెందులో పాత గనులనేకము మూతపడినవి. అందుకు కొత్తగూడెము కారణము కాదు. భూమిలోని బొగ్గు తరుగునదే కాని పెరుగునది కాదు. ఇల్లెందు నేడు పడుచున్న బాధ రేపు కొత్తగూడెమునకు, ఎల్లుండి మణుగూరుకు తప్పదు. కనుక చిన్న ఊరు పెద్ద ఊరికి ప్రత్యర్థి కాదు, ముందుగా నడచి హెచ్చరించు అన్న. బొగ్గున్నంత కాలమే బడి, వైద్యశాల, వృత్తివిద్య, సాగునీరు మున్నగు వానిని స్థిరపరచుకొనిన ఊరే బొగ్గు పోయిన పిదప నిలుచును.

మరొక సంగతి మరువరాదు. ఈ ఊళ్లు పుట్టకముందు నుండియు ఇక్కడి అడవిలో కోయలు నివసించుచున్నారు. లంబాడీల తండాలును ఈ సీమలో అనేకము కలవు. ఇల్లెందు గొప్పదా, కొత్తగూడెము గొప్పదా అని పట్టణముల వారు వాదించుకొనునప్పుడు గూడెముల వారి మాట వినబడదు. ఖమ్మం తమ్ము చిన్నచూపు చూచినదని వగచు మనము, మనకంటె చిన్నదైన గూడెమును ఎట్లు చూచుచున్నామని ప్రశ్నించుకొనవలెను. ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానము చెప్పగలిగిన ఊరికే పెద్ద నగరమును న్యాయము కోరు అర్హత కలుగును.

విద్యార్థులు చేయదగిన పని

విద్యార్థి మిత్రులు సెలవులలో తమ గ్రామములను గురించి ఈ నాలుగు విషయములను సేకరించి వ్రాసినచో మేలు. ఒకటి, ఊరి పేరు ఎట్లు వచ్చినదని పెద్దలు చెప్పుచున్నారు? రెండు, 1953కు పూర్వము, 1985లో, 2016లో ఆ ఊరు ఏ కచేరీ క్రింద నుండెను? మూడు, ఊరివారు వైద్యమునకు, చదువునకు, సంతకు ఏ పట్టణమునకు పోవుచున్నారు, ఎందుకు? నాలుగు, పట్టణము ఆ ఊరినుండి ఏమి గైకొనుచున్నది: పాలా, ప్రత్తియా, కూలిమనుషులా? ఉర్దూ తెలిసినవారు ఇండ్లలో నున్న పాత కాగితములలోని తాలూకా, పరగణా పేర్లను చదివి తెలుగు విద్యార్థులకు చెప్పినచో, ఒకరికి తెలియనిది మరొకరికి తెలిసి, చరిత్ర పూర్తియగును.

కారేపల్లిలో రెండు మార్గములు విడిపోవుచున్నవని మనము చెప్పుకొంటిమి. ఇల్లెందు వైపునుండి వచ్చువానికి అవి కలియుచున్నట్లే కనబడును. రెండు మాటలును నిజమే. పెద్ద ఊరిపై అసూయ లేక, చిన్న ఊరిపై చులకన లేక, తన ఊరు ఏ ఊరి తాలూకుదో, ఏ ఊళ్లు తన ఊరి తాలూకువో ఎరిగినవాడే ఊరిని నిజముగా ప్రేమించినవాడు.